తోలు శాస్త్రం టానరీ కూలీ దాకా రావాలి

చెన్నైలో లోకల్ రైలెక్కి తాంబరం వైపు వెళ్లే మన యువతకు క్రోంపేట స్టేషన్ బాగా తెలుసు. ఒకప్పుడు అక్కడున్న క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే ఆ పేరు వచ్చిందని మాత్రం చాలామందికి తెలియదు. తోలు ఈ నగరానికి డబ్బు తెచ్చింది. తోలు పని చేసిన వారికి అంటరానితనం మిగిల్చింది.

ఈ సంగతి మనకు పరాయిది కాదు. 1878లో ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు తోలు పని చేసే మాదిగలు. తమిళనాడులోని అరుంధతీయుల్లో చాలామంది ఈనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కాబట్టి ‘పర్యావరణం’ అనగానే మొక్కలు నాటే కార్యక్రమం ఒక్కటే గుర్తొచ్చే మన సంఘాలు తోలు గురించి కూడా ఆలోచించాలి.

అడయారులోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ (సీఎల్ఆర్ఐ) 1948లో మొదలైంది. 1958 నుంచి 1971 వరకు దాన్ని నడిపించింది మన యలవర్తి నాయుడమ్మ గారు. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టి, ‘పై’ కులాలవారు ముక్కు మూసుకునే తోలునే చదువుగా తీసుకున్నారు. 1985లో కనిష్క విమానం పేల్చివేతలో ఆయన మరణించారు.

ఆ సంస్థ చేసిన పని చిన్నదేమీ కాదు. పచ్చితోలు కుళ్లకుండా ముందు ఉప్పు పట్టిస్తారు. ఆ తర్వాత ఉప్పు, ఆమ్లం కలిపిన నీళ్లలో ఉంచి క్రోమియం ఎక్కిస్తారు. పాత పద్ధతిలో తోలుకు పట్టేది 60, 70 శాతం క్రోమియమే. మిగిలింది మురుగునీటితో పోతుంది. కరిగిన ఉప్పు సంగతి ఇంకా కష్టం. మామూలు శుద్ధి కేంద్రం దాన్ని తీసేయలేదు, అది నేలలోకి దిగి బావుల్లో తేలుతుంది. సీఎల్ఆర్ఐ రూపొందించిన నీరు లేని క్రోమ్ పద్ధతిలో ఆ ఉప్పు ఆమ్లాల స్నానమే ఉండదు. క్రోమియం వాడకం కూడా 15 నుంచి 20 శాతం తగ్గుతుందని సంస్థ చెబుతోంది. ప్రజల పన్నులతో నడిచే ప్రయోగశాల చేయాల్సిన పని ఇదే.

అయితే ప్రయోగశాల నుంచి నది దాకా దారి చాలా పొడవు. పాలారు కర్ణాటకలో పుట్టి, మన కుప్పం మీదుగా వాణియంబాడి, ఆంబూరు వైపు సాగుతుంది. ఆ నదిని పాడుచేసినందుకు 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు అదే నది గురించి మళ్లీ తీర్పు చెప్పాల్సి వచ్చింది.

ఆ రెండు తీర్పుల మధ్య, 2015 జనవరి 31న, రాణిపేటలో టానరీల ఉమ్మడి మురుగుశుద్ధి కేంద్రంలో బురద తొట్టి గోడ కూలింది. 10 మంది చనిపోయారు. ఎక్కువమంది బెంగాల్ నుంచి వచ్చి పక్క టానరీలో నిద్రిస్తున్న వలస కూలీలు. నదిని కాపాడాలని కట్టిన కేంద్రమే వాళ్ల ప్రాణం తీసింది. పచ్చని మార్పు అని మనం మెచ్చుకునే దాని ఖర్చు చాలాసార్లు ఇలా కూలీ మీదే పడుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రభుత్వ ప్రయోగశాల తన పద్ధతిని టానరీకి ఇచ్చేటప్పుడు కార్మికుల భద్రతను ఒప్పందంలో షరతుగా పెట్టాలి. తొట్టిలోకి మనిషిని దించకూడదు. చేతి తొడుగులు, బూట్లు, ఏటా వైద్య పరీక్ష ఉండాలి. క్రోమియం మిగిలి యజమానికి కలిసొచ్చే డబ్బులో కొంత వీటికి ఖర్చయితే తప్పేముంది? చిన్న టానరీలు భారం మోయలేవనే వాదనలో నిజం ఉంది. దానికి సర్కారు సాయం అడగాలి గానీ కూలీ ఊపిరితిత్తులను ఫణంగా పెట్టకూడదు.

ధర్మశాస్త్రం చచ్చిన జంతువును ముట్టినవాణ్ణి అపవిత్రుడంది. అయినా పేతురు యొప్పేలో చాలా దినాలు ఉన్నది చర్మకారుడైన సీమోను ఇంట్లోనే. దుప్పటి దర్శనం గురించి ఎన్నో ప్రసంగాలు చేస్తాం. ఆ మిద్దె ఎవరిదో మాత్రం ఆగి చెప్పం.

అన్నా విశ్వవిద్యాలయం సీఎల్ఆర్ఐతో కలిసి లెదర్ టెక్నాలజీలో బీటెక్ నడుపుతోంది. తాతలు తోలు పని చేసిన ఇళ్ల పిల్లలు ఆ పేరు వినగానే ముఖం తిప్పుకుంటారు. ఎందుకో మనకు తెలుసు, వాళ్లను తప్పుపట్టలేం. అయినా ఆ కోర్సు గురించి సంఘంలో చెప్పండి. ఈసారి యౌవనుల కూటానికి ఒక తోలు శాస్త్రవేత్తనూ ఒక టానరీ కార్మికుణ్ణీ కలిపి పిలవండి. ముందు కార్మికుణ్ణి మాట్లాడనివ్వండి.