ఆసుపత్రిలో కొయ్యకు స్థానము కలదా?

కొయ్య మురికిని పీల్చుకొనునని, అందు రోగక్రిములు చేరి నిలుచునని, కావున వైద్యశాలలో దానికి తావుండరాదని ఒక యభిప్రాయము మన దేశమున బలముగా పాతుకొనియున్నది. గుండుగొలనువంటి గ్రామమున ఆరోగ్యకేంద్రమునకు తలుపులు, బల్లలు చేయింప నెంచిన దాతకు సయితము ఉక్కుయో ప్లాస్టిక్కో కొనుమనియే సలహా దొరకును. ఈ యభిప్రాయము నిరాధారమని మేము చెప్పుట లేదు. నెత్తురు, చీము పడుచోట దినదినము బ్లీచింగునీటితో కడుగుట తప్పదు. ఆ తాకిడికి కొయ్య యోర్వదు. బీటలువారిన బల్ల మురికికి పుట్టినిల్లు. అయినను కొయ్యపై మోపిన నేరమంతయు రుజువైనదా యన్నది వేఱు ప్రశ్న.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డీన్ క్లివర్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు వంటింటి కత్తిపీటపలకలను పరీక్షించి 1994 లో ఫలితములు ప్రకటించిరి. కొయ్యపలకను ప్లాస్టిక్కుతో సమానముగా శుద్ధిచేయు మార్గము వెదకుటయే వారి మొదటి యుద్దేశము. తీరా చూడగా కొయ్యపై నుంచిన బాక్టీరియాలు కొంతసేపటికి పైభాగమున చిక్కుట అరుదాయెను. ప్లాస్టిక్కుపై నున్నవి రాత్రి గడచినను బ్రతికియుండెను. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్కును చేతితో కడిగి శుద్ధిచేయుట మఱింత కష్టమయ్యెను. చింతమొద్దుపై మాంసము కొట్టు మన అంగళ్లవారు ఇది వినిన నవ్వుకొందురేమో!

ఇందలి మర్మము సులభమైనదే. ఎండిన కొయ్య తేమను సూక్ష్మరంధ్రములలోనికి లాగికొనును. ఆ తేమతో లోపలికి పోయిన క్రిమి వృద్ధిపొందలేక క్రమముగా నశించును. ఓకుకొయ్యలో టానిన్లు, పైనుకొయ్యలో జిగురుపదార్థములు దీనికి తోడ్పడునని జర్మనీ దేశపు పరిశోధనలు సూచించినవి. ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఓకుకొయ్యను ఆసుపత్రులలో వ్యాపించు బాక్టీరియాలతోనే పరీక్షించిరి. 2020 లో కరోనా వ్యాపించినప్పుడు హాంకాంగు శాస్త్రజ్ఞులు చేసిన పరీక్షలో కొయ్యపై రెండవ దినమునకే సజీవమైన వైరసు దొరకలేదు. ఉక్కుపైన, ప్లాస్టిక్కుపైన నాలుగవ దినమున సయితము దొరకెను.

ఇంతమాత్రమున మంచములు, తలుపులు అన్నియు కొయ్యతోనే చేయింపుడని మేము ప్రబోధింపము. గుణమంతయు ఎండిన కొయ్యది. మనదేమో కొల్లేటిసీమ, గుండుగొలను పేరులోనే కొలనున్నది. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేరు నిండిన దినములలో తలుపులుబ్బి గడియ పడకుండుట ఇచ్చటివారెల్లరు ఎఱిగినదే. అట్టి తడికొయ్య క్రిమినుండి లాగికొనదగిన నీరెంత? బూజు పట్టుట వేఱొక బెడద. ఆవకాయజాడీలో తడిగరిటె ముంచనీయని మన యిల్లాండ్రకు తడి చేయు చేటు తెలియును. మఱియు వార్నీషు దట్టముగా పూసిన బల్ల, చూపునకు కొయ్యయేగాని, రంధ్రములు మూసికొనిపోవుటచే గుణమున ప్లాస్టిక్కునకు దగ్గఱ. కాబట్టి శస్త్రచికిత్సశాలలో, పురుడుగదిలో కొయ్య వలదు. రోగులు వేచియుండు వసారాలో, మందులిచ్చు గదిలో ఉండవచ్చును. ఏ బల్లయైనను వైద్యుడు సబ్బుతో చేతులు కడుగుకొనుటకు బదులుకాదు.

ఇక అసలు చిక్కు. పైని చెప్పిన పరీక్షలలో ప్రధానమైనవి ఓకు, పైనులవంటి చలిదేశపు కొయ్యలపై జరిగినవి. మన వడ్రంగి చేతిలో నుండునవి టేకు, వేప, తుమ్మ, చింత. వేపాకు గుణములు వేపపలకకును ఉండునని యూహించి తృప్తిపడుట శాస్త్రము కానేరదు. ఏలూరిలో 2023 లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. అచ్చటి సూక్ష్మజీవిశాస్త్ర విభాగమువారు ఈ కొయ్యలను, పూత లేనివి కొన్ని, ఉన్నవి కొన్ని, ఉక్కుతోను ప్లాస్టిక్కుతోను పోల్చి వేసవిలో నొకమాఱు, శ్రావణభాద్రపదములలో నొకమాఱు పరీక్షింపవలెనని మేము కోరుచున్నాము. దీనికి విలువైన యంత్రములు అక్కఱలేదు. అడిగినచో పలకముక్కలు కోసియీయగల సామిల్లులు ఏలూరు, తాడేపల్లిగూడెములందే కలవు.