తల్లి యొడియు, కారు డిక్కీయు

2019 సంవత్సరపు మోటారు వాహనముల సవరణ చట్టము 194-బి విభాగమున, పదునాలుగేండ్లలోపు బిడ్డను బెల్టుతోగాని శిశుపీఠముతోగాని భద్రపరుపక కారు నడపువానికేగాక నడపించువానికిని 1,000 రూపాయల జరిమానా విధించినది. అయినను మన వీధులలో ముందుసీటున తల్లి యొడియే శిశుపీఠము. పండుగ ప్రయాణములలో డిక్కీయే పిల్లల గది! తల్లి ప్రేమను మేము శంకింపము. ఆమె చేతుల బలమును శంకింతుము. గంటకు 50 కిలోమీటర్ల వేగమున కారు గోడకు తాకిన క్షణమున బిడ్డ భారము ఇరువది రెట్లయినను కావచ్చును. ఏ చేతులాపగలవు? శిశుపీఠము కొన్నవారును, వెనుకకు మొగమైనదానిని ఎయిర్‌బ్యాగునకెదురుగా ముందుసీటున నుంచరాదు. ఇక డిక్కీ యన్ననో, వెనుకనుండి లారీ తాకినచో మొదట నలుగునదదియే. అందు బియ్యపు బస్తాను అడుగున, వెనుకసీటునకానించి, కదలకుండ కట్టవలెను, పిల్లలనెన్నడును ఎక్కింపరాదు. హెల్మెట్లను వెదకు పోలీసువారు కారుల వెనుకభాగమునుగూడ తొంగిచూడవలెనని కోరుచున్నాము.