బండి మొరాయిస్తే తప్పు పెద్ద బ్యాటరీదేనా?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బస్తర్ ఊరు ఆవపల్లి. వానాకాలంలో ఒక ఉదయం ఇక్కడ ఒక ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు స్టార్ట్ కావడం లేదనుకోండి. బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డు మీది దీపాలు ఒకసారి మినుకుమని ఆరిపోతున్నాయి. చుట్టూ చేరినవాళ్లందరిదీ ఒకటే మాట: "కరెంటు బండి కదా, పెద్ద బ్యాటరీ పోయినట్టుంది. లక్షల్లో ఖర్చు." డివిజన్ కేంద్రం జగ్దల్‌పూర్ నూటయాభై కిలోమీటర్లకు పైనే ఉంది. బండిని లారీ మీద ఎక్కించి పంపడం తప్ప దారి లేదనిపిస్తుంది.

ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది పెద్ద బ్యాటరీని కాదు, మామూలు కారులో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీని.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో పెట్రోలు ఇంజను, కరెంటు మోటారు రెండూ ఉంటాయి. మోటారును నడిపే పెద్ద బ్యాటరీ వోల్టేజి వందల్లో ఉంటుంది. దాన్ని ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసుకోవచ్చు. కానీ కారులోని కంప్యూటర్లు, తలుపు తాళాలు, రిలేలు పనిచేసేది 12 వోల్టుల మీదే. బండి ఆపి ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీ మిగతా సర్క్యూట్‌తో తెగిపోయి ఉంటుంది. దాన్ని కలిపేవి కాంటాక్టర్లనే పెద్ద రిలేలు. వాటిని లాగే కరెంటు వచ్చేది చిన్న బ్యాటరీ నుంచే. అది దిగిపోతే, చెరువు నిండా నీళ్లున్నా తూము ఎత్తే మనిషి లేనట్టే. చాలా మోడళ్లలో ఇంజనును తిప్పేది కూడా ఆ పెద్ద మోటారే కాబట్టి ట్యాంకు నిండా పెట్రోలున్నా, నలుగురు కలిసి తోసినా లాభం లేదు.

కాబట్టి కారణం వెతకడానికి ఒక వరుస ఉంది. ముందు డబ్బు ఖర్చు కాని పనులు: ఛార్జింగ్ కేబుల్ ఇంకా గుచ్చి ఉందా, బ్రేకు పూర్తిగా తొక్కారా, తాళంచెవిలోని బిళ్ల బ్యాటరీ అయిపోయిందా చూడాలి. తర్వాత మల్టీమీటరు. విశ్రాంతిలో ఉన్న మంచి 12 వోల్టుల బ్యాటరీ 12.6 దాకా చూపిస్తుంది. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే. టెర్మినళ్లు వదులుగా ఉన్నా, తుప్పు పట్టినా ఇవే లక్షణాలు వస్తాయి.

చిన్న బ్యాటరీ బాగానే ఉండి, అప్పటికీ బండి 'రెడీ' కాకపోతే స్కానర్ పెట్టాలి. ఉదాహరణకు పీ0ఏఏ6 అనే కోడ్ వచ్చిందంటే, అధిక వోల్టేజి సర్క్యూట్‌కూ కారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ తగ్గిందని కంప్యూటర్ చెబుతోంది. అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ప్రకారం డీసీ సర్క్యూట్‌లో ప్రతి వోల్టుకు కనీసం 100 ఓముల నిరోధం ఉండాలి. అంటే 350 వోల్టుల బ్యాటరీకి 35,000 ఓములు. కనెక్టర్‌లో చేరిన తడి, ఎలుకలు కొరికిన వైరు, ఏసీ కంప్రెసర్ లోపలి లోపం, వీటిలో ఏదైనా ఆ నిరోధాన్ని పడగొట్టవచ్చు. అప్పుడు బండి కదలనంటే అది మొండితనం కాదు, కాపలా. కోడ్ చూపేది దొంగ ఉన్న వీధినే. ఇల్లు మనిషే వెతకాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మొదటి రెండు మెట్లు రోడ్డు పక్క షెడ్డులోని ఏ మెకానిక్కయినా ఎక్కగలడు. మూడో మెట్టుకు కావలసిన వైరింగ్ పటాలు, లోతైన కోడ్‌ల అర్థాలు, సాఫ్ట్‌వేర్ చాలావరకు కంపెనీల చేతిలోనే ఉంటాయి. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదంటూ భారత పోటీ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచి, వాహనాలనూ అందులో చేర్చింది. పోర్టల్ మంచిదే. కానీ బయటి మెకానిక్‌లకు మరమ్మతు సమాచారం ఇవ్వడాన్ని ఐరోపా 2018లోనే చట్టంలో రాసుకుంది. ఇక్కడా అలాంటి బాధ్యతను స్పష్టంగా పెట్టాలి.

భద్రత మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. నారింజ రంగు కేబుళ్లలో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది. సర్వీస్ ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో కొన్ని నిమిషాలు ఛార్జ్ నిలిచి ఉంటుంది. శిక్షణ, 1000 వోల్టులకు తట్టుకునే చేతి తొడుగులు లేనివాళ్లు వాటిని తాకకూడదు. అయితే ఆ గీత ఎక్కడుందో తెలియాలన్నా సమాచారం కావాలి. మెకానిక్‌కు పటం ఇవ్వకపోతే అతను ఆగిపోడు, గుడ్డిగా చేయి పెడతాడు. సమాచారాన్ని దాస్తే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు దేశంలో ఇప్పటికి ఎక్కువగా ఖరీదైన కార్లలోనే ఉన్నాయి. అలాంటప్పుడు ఆవపల్లికి ఈ గొడవెందుకని అడగవచ్చు. మామూలు హైబ్రిడ్‌లు, పూర్తి కరెంటు కార్లు కూడా దాదాపు అన్నీ ఇదే చిన్న బ్యాటరీ, ఇవే కాంటాక్టర్ల మీద ఆధారపడతాయి. నగరంలో గంటలో టోయింగ్ బండి వస్తుంది. ఇక్కడ అదే చిన్న లోపానికి ఒక రోజు కూలీ పోతుంది, ఒక్కోసారి ఆసుపత్రికి బయలుదేరిన మనిషి దారిలో చిక్కుకుంటాడు. సర్వీస్ సెంటర్ దూరమయ్యేకొద్దీ స్థానిక మెకానిక్ విలువ పెరుగుతుంది.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. స్టార్ట్ కాకపోతే ఏ వరుసలో చూడాలో చెప్పే ఒక పేజీ ప్రతి కారుతోనూ హిందీ, తెలుగు వంటి భాషల్లో రావాలి. ఐటీఐల మోటార్ మెకానిక్ కోర్సులో అధిక వోల్టేజి భద్రత చేత్తో చేసి నేర్చుకునే పాఠం కావాలి. కోడ్‌ల అర్థాలు, వైరింగ్ పటాలు సరసమైన ధరకు బయటి షెడ్డుకూ దొరకాలి.

అప్పుడు ఆవపల్లిలో ఆ ఉదయం కథ మరోలా ముగుస్తుంది. మెకానిక్ మీటరు పెడతాడు, అది 9 వోల్టులు చూపిస్తుంది. రాత్రంతా లోపలి లైటు వెలుగుతూనే ఉందని తేలుతుంది. మాన్యువల్‌లో చూపిన చోట ఒక జీపు నుంచి జంపర్ కేబుళ్లు కలుపుతాడు. 'రెడీ' దీపం వెలుగుతుంది. లారీ అవసరం ఉండదు.