యజమాని ఊళ్లో లేడు, ఇల్లు మాత్రం నడుస్తోంది

ఇది పొడుగు పోస్టు. సగం చదివి దండం బొమ్మ పెట్టి వెళ్లిపోయే తమ్ముళ్లు ఈ ఒక్కసారి చివరిదాకా చదవండి. నేను చదువుకున్నది తమిళ మీడియంలో. తెలుగు రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే నన్ను తిట్టండి, విషయాన్ని పక్కన పెట్టకండి.

పోయిన నెల ఒక సాయంత్రం ధామన్కర్ నాకా దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే మనవాళ్లమ్మాయి ఒకామె కలిసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మన సంఘం విద్యా సహాయం ఫారం. కూతురు పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. కాలేజీ ఫీజు కట్టాలి. ఫారం అంతా నింపింది, మార్కుల కాగితం జత చేసింది. అయినా ఆఫీసులో తిప్పి పంపారు. కారణం చివరి గీత: "కుటుంబ యజమాని సంతకం".

"మా ఆయన మస్కట్‌ల ఉన్నడు కాకా. సంతకం యాడికెళ్లి తేవాలె?" అంది.

ఫోన్ చేసి చెప్పించవచ్చు కదా అన్నాను. చెప్పించిందట. ఫోన్లో మాట చెల్లదు, కాగితం మీద సంతకం కావాలి అన్నారట. ఆ కాగితం వచ్చేలోపు మన గడువు అయిపోయింది. చివరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టింది. సంఘం ఉన్నది ఇలాంటి వడ్డీ నుంచి కాపాడటానికే అని మనం ప్రతి సభలోనూ మైకు పట్టుకుని చెప్పుకుంటాం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఫారం టైపు చేయించింది నేనే. అప్పుడు కమిటీలో ఉన్నాను. గుమాస్తా బుద్ధితో "యజమాని" అని ఒక గడి గీశాను. ఆ గడిలో ఎవరు నిలబడతారో ఆలోచించలేదు. కాబట్టి ఎవరి మీదో రాళ్లు వేస్తున్నానని అనుకోవద్దు. మొదటి రాయి నా మీదే.

మన ఇళ్లు ఒకసారి లెక్క వేసుకోండి. సాంచాలు రెండు షిఫ్టులు నడిచిన కాలంలో మగవాడు పన్నెండు గంటలు కార్ఖానాలో ఉన్నా రాత్రికో పొద్దునకో ఇంటికి వచ్చేవాడు. ఇప్పుడు ఒకడు గల్ఫులో, ఒకడు సూరత్‌లో, ఒకడు లారీ మీద, ఇంకొకడు ఊళ్లో పొలం తగాదా పట్టుకుని నెలల తరబడి అక్కడే. ఇక్కడ గది అద్దె, కరెంటు బిల్లు, అత్తగారి షుగర్ మాత్రలు, బడిలో పేరెంట్స్ మీటింగు, పైగా కండెలు చుట్టే కూలి, అన్నీ ఒక్క మనిషి చూస్తోంది. పిల్లాడికి జ్వరం వస్తే అర్ధరాత్రి ఆటో పిలిచేది ఆమె. మస్కట్‌లో మనకన్నా గంటన్నర వెనక. అక్కడ అతను డ్యూటీ దిగి ఫోన్ చేసే వేళకు ఇక్కడ పిల్లలు నిద్రపోతారు. అతనికి సెలవు శుక్రవారం, మన సభ ఆదివారం. ఇంత చేసే మనిషికి సంఘం రిజిస్టరులో పేరు లేదు, సభలో చెయ్యెత్తే హక్కు లేదు.

రైల్వేలో స్టేషన్ మాస్టర్ సెలవు మీద పోతే రిలీవర్ వస్తాడు. ఛార్జి తీసుకున్నట్టు రాస్తాడు. ఆ నిమిషం నుంచి అతని సంతకమే చెల్లుతుంది. డ్యూటీ నువ్వు చెయ్యి, సంతకం మాత్రం సెలవులో ఉన్నవాడు పెడతాడు అంటే ఒక్క బండి కదలదు. మనం మన ఆడపిల్లలతో చేయిస్తున్నది సరిగ్గా ఆ పనే.

చట్టం ఒప్పుకోదేమో అని ఒక పెద్దాయన అన్నారు. చట్టం మనకన్నా చాలా ముందుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డుకు ఇంటి పెద్ద ఎవరో తెలుసా? పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికన్నా పెద్దామె. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి, తండ్రి ఇద్దరిలో ఒకరి పేరు రాస్తే చాలు. మన మహారాష్ట్రలో 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లల పేర్లలో ప్రభుత్వ కాగితాల మీద తల్లి పేరు తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. గీతా హరిహరన్ అనే రచయిత్రి 1984లో తన కొడుకు పేరు మీద బాండ్లు కొనడానికి రిజర్వ్ బ్యాంకుకు దరఖాస్తు పెట్టారు. తండ్రి సంతకం తెమ్మన్నారు. ఆమె కోర్టుకు వెళ్లారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అని ఉంది. 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, "తర్వాత" అంటే ఆయన పోయిన తర్వాత అని కాదు, ఆయన దగ్గర లేనప్పుడు అని. తల్లీపిల్లలు ఉన్న చోటికి దూరంగా ఉంటూ తండ్రి పిల్లల్ని చూసుకోలేకపోతే తల్లే గార్డియన్. ఢిల్లీలో ఆ మాట అని పాతికేళ్లు దాటింది. మన ఫారానికి ఇంకా చేరలేదు.

ఇంకొందరు, డబ్బు ఆడవాళ్ల చేతికిస్తే రేపు మొగుడు వచ్చి గొడవ చేస్తాడు అంటున్నారు. అయ్యా, ఆ మొగుడు నెల నెలా డబ్బు పంపేది ఆమె ఖాతాకే. అతనికి లేని అనుమానం మనకెందుకు? అంత భయంగా ఉంటే చెక్కు నేరుగా కాలేజీ పేరు మీద రాయండి, రసీదు తీసుకోండి.

ఒక ఇంటికి రెండు ఓట్లు అవుతాయి అన్నది న్యాయమైన మాటే. ఒక ఇంటికి ఒక్క ఓటే ఉండనివ్వండి. ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లు వేస్తారు.

మా కాలంలో ఇలాంటివి లేవు అనేవాళ్లకు నా ఇంటి ముచ్చటే చెబుతాను. బదిలీ మీద నేను ఆరేళ్లు వేరే ఊళ్లో ఉన్నాను. ఆదివారం వచ్చి జీతం చేతిలో పెట్టి, ఇల్లు నేనే నడుపుతున్నాను అనుకునేవాణ్ణి. రిటైరయ్యాక ఒకరోజు మా ఆవిడ నవ్వుతూనే అంది: "మీరు వచ్చిన రోజు ఇంటికి చుట్టం వచ్చినట్టు ఉండేది. మళ్లీ మీ కోసం వేరే వండాలి." ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇంకొక్కటి, కాస్త కటువుగా. సంతకానికి పనికిరాని ఈ ఆడవాళ్ల మీద కాపలాకు మాత్రం మనకు మస్తు తీరిక. ఎన్ని గంటలకు వచ్చింది, ఎవరి ఆటోలో దిగింది, ఫోన్లో ఎవరితో మాట్లాడింది, అన్నీ చాయ్ దగ్గర లెక్క కడతాం. ఆమె ఇంట్లో గ్యాస్ సిలిండర్ అయిపోయింది మాత్రం మనకు తెలియదు. అలా లెక్కలు కట్టే తమ్ముళ్ల పేర్లు రాయను. వాళ్లకు తెలుసు.

వచ్చే సర్వసభ్య సభలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఒకటి, ఫారంలో "కుటుంబ యజమాని" కొట్టేసి "తల్లి లేదా తండ్రి" అని రాయాలి. రెండు, సభ్యత్వం భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. మూడు, గడువు దాటిందని తిప్పి పంపిన ఆ అమ్మాయి ఫారం మళ్లీ తీసుకుని, వడ్డీ ఇంకా పెరగకముందే సహాయం ఇవ్వాలి.

మూడోది అందరికన్నా ముందు నేను అడగాలి. ఆ గడి గీసిన చెయ్యి నాది. తీర్మానాన్ని బలపరచేవాళ్లు కింద పేరు రాయండి. వ్యతిరేకించేవాళ్లు కూడా రాయండి, కానీ కారణంతో రాయండి. రాసేముందు మీ ఇంట్లో పాల లెక్క ఎవరు చూస్తున్నారో ఒకసారి లోపలికి వెళ్లి అడిగి రండి.