మంత్రగాడు కాదు, మర్నాటి డబ్బే మాయ

డెల్టా ఊళ్ళలో ఇప్పుడు మూడో పంట ఒకటి నడుస్తోంది. దాళ్వా కోశాక చల్లే మినుము, పెసర సంగతి కాదు మేము చెప్పేది. కుర్రాళ్ళ ఫోన్లలో పండుతున్న పంట ఇది. పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. సేద్యం చేసే ఆట. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు, ఇంటరు చదివే పిల్లలు అరుగుల మీద కూర్చుని నారు పోస్తున్నారు, నీళ్ళు పెడుతున్నారు, కోతలు కోస్తున్నారు. చేతికి మట్టి అంటదు.

రైతుల పత్రికలో వీడియో గేము గురించి రాతలేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. వ్యవసాయం గురించి సినిమా తీస్తే మాట్లాడతాం, కథ రాస్తే మాట్లాడతాం. 2016లో వచ్చిన ఈ ఆట 2024 ఆఖరుకి ప్రపంచమంతా కలిపి నాలుగు కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. కోట్లమంది రైతంటే ఇలా ఉంటాడని దీన్ని చూసి అనుకుంటున్నారు. కాబట్టి మేమూ కుర్రాళ్ళ పక్కన కూర్చుని ఓ వారం రోజులు చూశాం. మా తొలి అభిప్రాయం ఇది.

కథ చిన్నదే. జోజా అనే పెద్ద కంపెనీలో గుమాస్తా పని చేసి విసిగిపోయిన మనిషికి తాత రాసిచ్చిన పొలం ఉంటుంది. ఉద్యోగం వదిలి ఆ ఊరు వెళతాడు. పొలం నిండా రాళ్ళు, కలుపు. ఊరి పెద్ద కానుకగా 15 పార్స్‌నిప్ విత్తనాలు ఇస్తాడు. అది తెల్ల క్యారెట్‌లాంటి దుంప. నాలుగు రోజుల్లో చేతికొస్తుంది. విత్తనం 20కి కొంటే దుంప 35కి అమ్ముడవుతుంది. ఒక్కో రుతువుకీ 28 రోజులు. అడవిలో ఒక మంత్రగాడు, పాడుబడ్డ భవనంలో యాపిల్ పండంత బుల్లి దేవతలు, గనుల్లో జిగురు రాక్షసులు ఉంటారు. అందుకని దీన్ని మాయా ప్రపంచపు ఆట అంటారు.

వారం చూశాక మాకు తేలిందేమిటంటే, ఆ మంత్రగాడిలో మాయ ఏమీ లేదు. అంతకంటే పెద్ద మాయ పొలం గట్టున ఉంది. అక్కడొక చెక్కపెట్టె ఉంటుంది. పండించినదంతా సాయంత్రం ఆ పెట్టెలో పడేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు చేతిలో ఉంటుంది. తేమ ఎంతని అడిగే మనిషి లేడు. గోనె సంచులు రాలేదనే మాట లేదు. లారీ కోసం మూడు రోజులు రోడ్డు మీద కాపలా లేదు. తరుగు లేదు, కాటాకి మామూళ్ళు లేవు. నిన్న ఎంత ధరో ఇవాళా అంతే. ఇంతకు మించిన మంత్రం డెల్టా రైతుకి ఇంకేం కావాలి?

మన పెట్టె సంగతి చూడండి. 2025-26కి కేంద్రం సాధారణ రకం వడ్లకు క్వింటాలుకి రూ.2,369, ఎ గ్రేడుకి రూ.2,389 ప్రకటించింది. 75 కిలోల బస్తాకి లెక్క కడితే రూ.1,777, రూ.1,792. ఖర్చు రూ.1,579 అవుతోందని తామే లెక్క రాసుకుని, దానికి సగం కలిపి ఈ ధర ఇచ్చామని చెబుతున్నారు. సొంత భూమి విలువనీ, పెట్టిన పెట్టుబడి మీద వడ్డీనీ కలిపిన సి2 ఖర్చు మీద యాభై శాతం కలిపి ఇవ్వాలని రైతాంగం అడుగుతుంటే ఆ మాట ఎత్తరు. పోనీ, ఆ ప్రకటించిన ధరైనా కళ్ళంలోకి వస్తోందా? తేమ 17 శాతం దాటితే వెనక్కి పంపేస్తారు. ఆరబెడదామంటే కళ్ళాలు లేవు, రోడ్డే కళ్ళం. మబ్బు పట్టిందంటే బరకాల కోసం పరుగులు. చివరికి వచ్చిన ధరకే ఇచ్చేసి చేతులు దులుపుకుంటున్నాం. ఇక డబ్బు సంగతి. 2024లో ప్రభుత్వం మారేనాటికి రాష్ట్రంలో ధాన్యం రైతులకు రావలసిన బకాయిలు రూ.1,600 కోట్ల పైమాటే. దాళ్వా ధాన్యం ఇచ్చి, ఆ డబ్బు రాకుండానే సార్వాకి నారుమడి దున్నుకోవాల్సిన గతి. మన పెట్టెలో పడేసిన ధాన్యానికి ఎన్ని రాత్రులు పడుకుంటే తెల్లారుతుంది?

ఆటలో వరి కూడా ఉంది. నీటి పక్కన వేస్తే త్వరగా పండుతుంది. వారం తిరక్కుండా కోతకొస్తుంది. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణని అయిదు నెలలు కాపు కాసే మనకు అది నవ్వు తెప్పిస్తుంది. కానీ ధరలు చూస్తే నవ్వు ఆగిపోయింది. వరి నారు మొక్క కొంటే 40. పండిన వడ్లు అమ్మితే 30. ఒక మొక్కకి మామూలుగా వచ్చేది ఒక్కటే. అంటే నారు ఖర్చు కూడా రాదు! అదే వడ్లని మర ఆడిస్తే బియ్యం 100కి పోతాయి. ఆ బియ్యమే కొట్లో కొనాలంటే 200. ఈ ఆటని ఒంటి చేత్తో తయారు చేసిన అమెరికా కుర్రాడు ఎరిక్ బరోన్ మన తాడేపల్లిగూడెం మిల్లుల్ని దృష్టిలో పెట్టుకుని ఈ లెక్క వేసి ఉండడు. అయినా లెక్క సరిగ్గా మనదే. వడ్లు పండించేవాడికి నష్టం, మర ఉన్నవాడికి లాభం, కొట్టు ఉన్నవాడికి ఇంకా లాభం.

తేడా ఒక్కటే. ఆటలో రైతు కాస్త కూడబెట్టి తన పొలంలోనే మర కట్టుకుంటాడు. ఇక్కడ మర మనది కాదు. క్వింటాలు వడ్లు ప్రభుత్వం తరఫున మిల్లుకి వెళితే, మిల్లు తిరిగి ఇవ్వాల్సింది 67 కిలోల పచ్చి బియ్యం. తవుడు, నూక, ఊక మిల్లులోనే ఉండిపోతాయి. ఆ తవుడు నుంచే నూనె తీస్తారు. వడ్లతో వెళ్ళిపోయే ఈ విలువలో పండించినవాడి వాటా ఎంత అని అడిగే రోజు రావాలి.

ఇక ఆటలో కనపడని వాళ్ళ గురించి. ఆ ఊళ్ళో కౌలు రైతు లేడు. పొలం తాతది, కాబట్టి మనవడిది. మన డెల్టాలో చేలోకి దిగేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లే. భూమి పేరున్న మనవడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకున్న శిస్తు, పంట మునిగినా తేలినా కట్టాల్సిందే. 2011 చట్టంలో రుణ అర్హత కార్డులన్నారు. 2019 చట్టంలో సాగుదారు హక్కు పత్రాలన్నారు. భూయజమాని సంతకం లేనిదే ఆ పత్రం రాదు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయనకి భయం. పత్రం లేకపోతే బ్యాంకు రుణం లేదు, పంట నష్టం సొమ్ము వెళ్ళేది యజమాని ఖాతాకే. ఆ ఆటలో అప్పు అనే మాటే లేదు. అది నిజంగా మాయా లోకమే.

కూలీలు కూడా లేరు. ఒక్క మనిషే దున్నుతాడు, ఊడుస్తాడు, కోస్తాడు. నడుం వంచి ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్ళ ముఠాలు లేవు. సీజనుకి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి పాకల్లో తలదాచుకునే కూలీలు లేరు. అన్నం వెనక ఎంతమంది చేతులున్నాయో ఈ ఆట చెప్పదు. సేద్యం రైతూ కూలీ కలిసి చేసేది. ఒకర్ని చెరిపేసి ఇంకొకర్ని అందంగా బొమ్మ గీస్తే అది పల్లె బొమ్మ కాదు.

వాన విషయమూ అంతే. ఆటలో వాన పడితే ఆ రోజు నీళ్ళు పెట్టే పని తప్పుతుంది. మనకి వాన పడితే గుండె జారుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కోతకొచ్చిన సార్వాని నేలకి పరిచింది. 2025 అక్టోబరులో నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా, కంకి మీదున్న చేలని పడగొట్టింది. కాటన్ 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించి నీళ్ళు రావడానికి దారి చేశాడు. వచ్చిన నీళ్ళు పోవడానికి దారి మాత్రం ఏటికేడు పూడిపోతోంది. యనమదుర్రు, ఎర్రకాలువ పొంగిన ప్రతిసారీ మునిగేది మన చేలే. డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క. 2011లో కోనసీమ రైతులు లక్ష ఎకరాలకు దగ్గరగా సార్వా సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ధరతో పాటు ఈ మురుగు కాలువలూ ఉన్నాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో కోనసీమలో మళ్ళీ పంట విరామం మాట వినపడింది. పదకొండేళ్ళలో కాలువలో పూడిక పెరిగింది, కాగితాల మీద దుమ్ము పెరిగింది.

ఒక పోలిక మాత్రం మమ్మల్ని కలచివేసింది. ఆటలో పొలం మీద చాలనప్పుడు రైతు గనిలోకి దిగుతాడు. రాక్షసులతో పోరాడి, దొరికింది తెచ్చి పొలంలో పెడతాడు. మన గని కువైట్. గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది అక్కచెల్లెళ్ళు అరబ్బుల ఇళ్ళలో పనికి వెళ్ళి పంపిన డబ్బు ఇక్కడ శిస్తుకీ ఎరువులకీ పోయిందో ఆ ఇళ్ళలోవాళ్ళకే తెలుసు. ఆటలో స్పృహ తప్పి పడిపోయినవాడిని ఎవరో ఒకరు ఇంటికి చేరుస్తారు. ఎడారిలో పడిపోయినవాళ్ళని చేర్చేదెవరు?

ఈ ఆటలో మాకు నచ్చింది కూడా చెప్పాలి. జోజా కంపెనీ ఆ ఊళ్ళో అంగడి పెట్టి ఉంటుంది. దానికి 5,000 కట్టి సభ్యుడివైతే ఊరి ఉమ్మడి భవనం ఆ కంపెనీ గోదాము అయిపోతుంది. కట్టకుండా, పండినదాంట్లో కొంత తెచ్చి ఆ భవనానికే ఇస్తూ పోతే భవనం మళ్ళీ నిలబడుతుంది, ఊరి బస్సు మళ్ళీ తిరుగుతుంది. ఎటు పోవాలో ఆడేవాడే తేల్చుకోవాలి. మన సహకార సంఘాల ముందున్నది కూడా ఇదే ప్రశ్న. ఉమ్మడి ఇల్లు నిలుపుకుంటామా, కంపెనీకి గోదాముగా ఇచ్చేస్తామా?

అందుకే ఆట చూస్తున్న పిల్లల్ని తిట్టకండి. వేదికలెక్కిన ప్రతి పెద్దమనిషీ 'యువతకి వ్యవసాయం మీద ఆసక్తి పోయింది' అంటాడు. ఆసక్తి లేనివాళ్ళు నాలుగు కోట్లమంది డబ్బిచ్చి మరీ నారు పోస్తారా? పిల్లలకి మట్టి మీద కోపం లేదు. నష్టం మీద ఉంది. నాన్న రాత్రిళ్ళు వేసే లెక్కలు విన్నారు కనక చేలోకి రావడం లేదు. పొద్దున్నే డబ్బు పడుతుందని తెలిసిన చోట సేద్యం చేయడానికి రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నారు.

కాబట్టి మనం అడిగేది మాయలు కాదు. సి2 మీద యాభై శాతం కలిపిన మద్దతు ధరకి చట్టం కావాలి. కాటా అయిన 48 గంటల్లో డబ్బు పడాలి, ఆలస్యమైతే వడ్డీతో పడాలి. యజమాని సంతకంతో పని లేకుండా సాగుచేసేవాడికి కార్డు రావాలి. డ్రెయిన్లలో పూడిక సార్వాకి ముందే తీయాలి. మండలానికి ఆరబెట్టే యంత్రాలు, రైతుల సహకార మిల్లు రావాలి.

వచ్చే నెల గ్రామ శాఖల సమావేశాలకి ఈ డిమాండ్ల మీద సంతకాల పత్రాలు పంపుతున్నాం. ఫోన్లో సేద్యం చేసే కుర్రాళ్ళని కూడా తీసుకురండి. వాళ్ళ పెట్టెకి ఉన్న న్యాయం మన కళ్ళానికి ఎందుకు లేదో వాళ్ళనే అడగమందాం.