సీటు కింద పసుపు తీగ

పసుపు అనగానే నిజామాబాద్ వాసులకు గుర్తొచ్చేది మార్కెట్ యార్డు. కారు మెకానిక్కుకు మాత్రం ఇంకోటి గుర్తొస్తుంది... ఎయిర్‌బ్యాగ్ తీగ! ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లకు సాధారణంగా పసుపు రంగే వాడతారు, 'చూసి ముట్టుకో' అని హెచ్చరించడానికి. సీట్లోనే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో అలాంటి కనెక్టర్ ఒకటి ముందు సీటు కింద ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరకపోతే ముందుగా అనుమానించాల్సిన వాటిలో అదొకటి.

ఏ దీపం అంటారా? తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఒక బొమ్మ వెలుగుతుంది. సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బంతి. కొన్ని సెకన్లకు ఆరిపోతుంది. ఆరిందంటే వ్యవస్థ తనను తాను పరీక్షించుకుని 'సిద్ధం' అన్నట్టు. ఆరలేదంటే ఎక్కడో తేడా ఉంది. ఒక్క సర్క్యూట్లో లోపం కనిపించినా మొత్తం ఎయిర్‌బ్యాగులన్నీ పనిచేయకుండా పోయే కార్లున్నాయి. చిక్కేమిటంటే బండి మామూలుగానే నడుస్తుంది. మైలేజీ తగ్గదు, చప్పుడు రాదు. అందుకే చాలామంది పట్టించుకోరు. 'ఏం గాదు సార్, బల్బు తీసేస్తే అయిపాయె' అనే సలహాలకూ కొదవ ఉండదు.

దెబ్బ పక్క నుంచి వస్తే...

బోధన్ దారులు తెలిసినవారికి ఈ మాట బాగా అర్థమవుతుంది. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్ దారి చెరకు బండ్లతో నిండిపోయేది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఫ్యాక్టరీ ఆగింది. చెరకు తగ్గింది, వరి పెరిగింది. బండ్లు మారాయి గానీ ప్రమాదం మారలేదు. కోతల కాలంలో పొలం బాట నుంచి ధాన్యం ట్రాక్టరు ఒక్కసారిగా రోడ్డెక్కుతుంది. అలాంటిచోట దెబ్బ ఎదురుగానే తగలాలని లేదు, పక్క నుంచీ తగలొచ్చు.

ఎదురు దెబ్బను ఇంజను, బానెట్ కొంత మింగుతాయి. పక్కన మనిషికీ తలుపుకీ మధ్య జానెడు జాగా కూడా ఉండదు. కాబట్టి సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెకనులో దాదాపు యాభయ్యో వంతులోనే విచ్చుకోవాలి. 1990ల మధ్యలో వోల్వో 850తో ఇవి మార్కెట్లోకి వచ్చాయి. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, పక్క సీటుకు 2022 జనవరి నుంచి తప్పనిసరి అయ్యాయి. ఆరు ఎయిర్‌బ్యాగుల ప్రతిపాదన 2022లో వచ్చింది. నిబంధన పెట్టబోమని 2023లో కేంద్రం చెప్పినా, కంపెనీలే చిన్న కార్లలోనూ ఆరేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. అలా ఈ పసుపు తీగ మన ఇళ్ల ముందుకూ వచ్చేసింది.

రెండు ఓమ్‌ల లెక్క

ఎయిర్‌బ్యాగును పేల్చే పరికరంలో సన్నటి తీగ ఒకటుంటుంది. దాని నిరోధం మామూలుగా రెండు ఓమ్‌ల దగ్గర ఉంటుంది. కంట్రోల్ యూనిట్ పేలుడు జరగనంత చిన్న కరెంటు పంపి దాన్ని కొలుస్తూ ఉంటుంది. కనెక్టర్లో పిన్ను వదులైనా, కాస్త తుప్పు పట్టినా ఆ లెక్క ఒకటి రెండు ఓమ్‌లు పెరుగుతుంది. దీపం వెలగడానికి అంత చాలు.

అందుకు కారణాలూ మన చేతిలోవే. సీటు జరిపిన ప్రతిసారీ ఆ తీగ కదులుతుంది. గొడుగు, చెప్పులు, నీళ్ల సీసా అన్నీ సీటు కిందికే తోస్తాం. కారు లోపల నీళ్లు కొట్టి కడుగుతాం. వెనక వడ్ల సంచి వేసుకొస్తే రాలిన గింజల కోసం ఎలుకలు చేరతాయి. అవి తీగలనూ వదలవు.

స్కానర్ పెడితే 'ఎడమ సైడ్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్, నిరోధం ఎక్కువ' అని కోడ్ వస్తుంది. అంత మాత్రాన ఎయిర్‌బ్యాగ్ పాడైనట్టు కాదు. సర్క్యూట్ అంటే కంట్రోల్ యూనిట్ నుంచి ఎయిర్‌బ్యాగ్ దాకా ఉన్న తీగలు, కనెక్టర్లు అన్నీ. నిరోధం ఎక్కువంటే ఎక్కడో తెగింది, లేదా వదులైంది. తక్కువంటే రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. తీగ కారు బాడీకి తగిలితే దానికి వేరే కోడ్.

పని తెలిసిన మెకానిక్ ముందు ఇగ్నీషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కంపెనీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగుతాడు. కంట్రోల్ యూనిట్లో కరెంటు కాసేపు నిల్వ ఉంటుంది మరి! తర్వాత కనెక్టర్ విప్పి పిన్నులు చూస్తాడు. అక్కడ ఏమీ దొరక్కపోతే ఎయిర్‌బ్యాగ్ స్థానంలో అంతే నిరోధం ఉన్న పరీక్ష పరికరం తగిలించి, బ్యాటరీ కలిపి కోడ్ చూస్తాడు. కోడ్ పోయిందా, తేడా ఎయిర్‌బ్యాగ్ వైపు. పోలేదా, తీగల్లో. సీటును ముందుకూ వెనక్కూ జరిపి చూస్తే దాక్కున్న లోపమూ బయటపడుతుంది.

మల్టీమీటరు ఇంట్లో ఉంది కదా అని ఎయిర్‌బ్యాగ్ పిన్నులకు పెట్టకండి. ఆ కరెంటుకే అది పేలే ప్రమాదం ఉంది. టెస్ట్ ల్యాంపు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆరిన దీపం కూడా అబద్ధం ఆడొచ్చు

పరీక్షకు వాడే ఆ రెండు ఓమ్‌ల రెసిస్టరే మోసానికీ పనికొస్తుంది. ప్రమాదంలో పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ బదులు రెసిస్టర్ అతికించి దీపం ఆర్పేసి కారు అమ్మేవాళ్లున్నారు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు తాళం తిప్పి చూడండి. దీపం అసలు వెలగకపోతే బల్బు పీకేసి ఉండొచ్చు. సీటు పక్క కుట్లు కొత్తగా వేసినట్టుంటే ఎందుకని అడగండి. స్కానర్‌తో, కళ్లతో రెండు రకాలుగానూ పరీక్ష చేయించాకే బయానా ఇవ్వండి.

సీటు కవర్ల సంగతీ ఉంది. సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు అంచు చీల్చుకుని బయటికొస్తుంది. అక్కడ మందపాటి కవరు బిగిస్తే అడ్డుపడుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్లకు సరిపోయే కవర్లు వేరే ఉంటాయి, అడిగి తీసుకోవాలి. అసలు ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా సీటు బెల్టు పెట్టుకోవడం తప్పదు.

ఇక దీపం వెలిగిన కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే మూడు ప్రశ్నలు వేయండి. వచ్చిన కోడ్ ఏమిటి? సీటు కింద కనెక్టర్ చూశారా? ఎయిర్‌బ్యాగే మార్చాలని ఏ పరీక్షలో తేలింది? ఈ మూడింటికీ జవాబొచ్చాకే బిల్లు సంగతి మాట్లాడండి. డబ్బు మిగలొచ్చు. పిల్లలతో బోధన్ నుంచి రాత్రి బయల్దేరినప్పుడు ఎయిర్‌బ్యాగులు పనిచేస్తాయన్న భరోసా ఉంటుంది.