ఐ7 వేయించమంటావా మామూ?

మొన్న ఇత్వార్ పొద్దున మా ఆపా ఫోన్ చేసింది. సలాం దువా అయ్యీ అవకముందే, "నీ భాంజీ రాత్రి అన్నం కూడా తినలేదురా, ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒకటే ఏడుపు" అంది. పిల్ల కర్నూల్లో బీటెక్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. ప్రాజెక్టు గడువు దగ్గరపడింది. మిషన్ ఆన్ చేస్తే వాడుకోవడానికి సిద్ధమయ్యేసరికి చాయ్ పెట్టుకుని తాగేయొచ్చట. రిపేరు దుకాణానికి తీసుకెళ్తే దుకాణ్‌దార్ మూత కూడా తెరవకుండా ఒకే మాట అన్నాడట: "ఐ7 ప్రాసెసర్ డాలో, రాకెట్ హోజాతా." ఖర్చా అయిదున్నర వేలు.

మా దుల్హేభాయ్ దర్జీ. రంజాన్ సీజన్‌లో సహరీ దాకా మిషన్ తొక్కి దాచుకున్న పైసల్లోంచి ఆ అయిదున్నర వేలు తీసి పక్కన పెట్టేశాడు కూడా. ఆపా ఫోన్ చేసింది మష్వరా కోసం కాదు, "నీకు తెలిసిన దుకాణం ఏదైనా ఉంటే అయిదు వేలకి చేయిస్తావా" అని. వెనకాల నుంచి పిల్ల అడుగుతోంది, "ఐ7 వేయించమంటావా మామూ?"

ఇలాంటి ఫోన్ మనలో చాలా ఇళ్లకు వచ్చే ఉంటుంది. అందుకే రాస్తున్నా. నా జవాబు ముందే చెప్పేస్తా: నూటికి తొంభై ఇళ్లలో వద్దు.

హకీం దగ్గరకు వెళ్తే ముందు నబ్జ్ పట్టుకుని చూస్తాడు, తర్వాతే దవా. కంప్యూటర్‌కి కూడా నబ్జ్ చూసే చోటు ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మూడు అంకెలు చూడాలి: సీపీయూ, మెమరీ, డిస్క్. మిషన్ బిగుసుకుపోయిన క్షణంలోనే చూడాలి, హాయిగా నడుస్తున్నప్పుడు కాదు. నేను పిల్లకు ఫోన్లోనే ఇది చెప్పి, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి చదవమన్నా. సీపీయూ 30 దాటడం లేదు. మెమరీ 91. డిస్క్ 100 దగ్గర కూర్చుని కదలడం లేదు. అంటే ప్రాసెసర్ పాపం ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. దాని స్థానంలో ఇంకా తెలివైనవాణ్ణి తెచ్చి కూర్చోబెడితే వాడూ ఎదురుచూస్తాడు, అంతే.

దుల్హేభాయ్‌కి ఇది ఆయన భాషలో చెప్పా. "భాయ్‌జాన్, మీ మిషన్‌కి కొత్త మోటారు పెట్టించారనుకోండి. పక్కన బాబిన్ చుట్టి ఇచ్చే కుర్రాడు నిదానం అయితే రోజుకు ఒక్క కమీజ్ అయినా ఎక్కువ కుడతారా?" ఆయన నవ్వలేదు. "మరి వాడు అయిదున్నర వేలు ఎందుకు అడిగాడు?" అన్నాడు. సవాల్ జాయజే. జవాబు ఇదీ.

ఆ మిషన్ 2012 నాటి ఆఫీసు ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. లోపల ఇంటెల్ మూడో తరం ఐ5-3320ఎమ్. రెండు కోర్లు, జోరు మీద 3.3 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. దుకాణ్‌దార్ వేస్తానన్నది అదే తరం ఐ7-3632క్యూఎమ్. నాలుగు కోర్లు, కానీ పరుగు 3.2 వరకే. అంటే వర్డ్ ఫైలు తెరవడం, బ్రౌజర్‌లో పేజీ చూడటంలాంటి పనుల్లో, ఒక కోర్ మీదే ఎక్కువ భారం పడే చోట, కొత్తది పాతదానికంటే వెంట్రుకవాసి వెనకే. నాలుగు కోర్లకూ ఒకేసారి పని చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంటేనే తేడా తెలుస్తుంది. ఇంకో గలత్‌ఫహమీ ఏమిటంటే, ఐ7 అన్న పేరు వింటే చాలు మనవాళ్లు మెత్తబడిపోతారు. అదే తరంలో ఐ7-3520ఎమ్ అని ఒకటుంది, దానికీ రెండే కోర్లు! స్టిక్కర్ మీద ఐ7 అనే ఉంటుంది మరి. అడగాల్సింది స్టిక్కర్ కాదు, చివర ఉన్న అక్షరాలు.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. పేరు చివర యు అని ఉంటే ఆ ప్రాసెసర్ బోర్డుకు టంకం వేసి అతికించి ఉంటుంది, ఊడదీసి మార్చేది కాదు. ఇంటెల్ అయిదో తరం నుంచి మామూలు ల్యాప్‌టాప్‌లన్నీ ఇంతే. కాబట్టి ఈ ప్రాసెసర్ మార్పు ముచ్చట మూడో తరం, నాలుగో తరం మిషన్లలో కొన్నింటికే, అదీ సాకెట్ ఉన్నవాటికే. ఏడో తరం ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చి ఇస్తానని ఎవరైనా అంటే సలాం పెట్టి బయటికి వచ్చేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేనూ ఒకసారి దెబ్బ తినడం. కొన్నేళ్ల కిందట నా పాత మిషన్లో ఐ7-3630క్యూఎమ్ వేయించుకున్నా. అవసరమా అంటే, అవసరం లేదు. నా పని ఏమిటి? ఇన్‌పేజ్‌లో ఉర్దూ, అను ఫాంట్లతో పేజ్‌మేకర్లో తెలుగు. ఆ రెండూ పెంటియం కాలం నుంచి నడుస్తున్న సరుకు. అయినా షౌఖ్. పాత ప్రాసెసర్ 35 వాట్లది, కొత్తది 45. లోపలి ఫ్యాను, రాగి గొట్టం మాత్రం పాతవే. చార్జర్ కూడా 65 వాట్లదే, 90 కావాలని నాకు చెప్పినవాడు లేడు. చలికాలం బాగానే గడిచింది. మే నెలలో కర్నూలు ఎండ మీకు చెప్పక్కర్లేదు. ఒక సాయంత్రం రిపోర్టు చివరి పేరాలో ఉండగా ఫ్యాను ఊళపెట్టి, మిషన్ టప్ మని ఆగిపోయింది. సేవ్ చేయలేదు. డెస్క్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి ఫోన్లోనే నోటితో చెప్పి రాయించా. వారం తర్వాత పాత ప్రాసెసర్ మళ్లీ పెట్టించుకున్నా, దానికి మళ్లీ మజూరీ. మా అమ్మీ దాన్ని ఒక్క మాటలో తేల్చేసింది: ఇస్రాఫ్.

మరి ఎవరికీ పనికిరాదా అంటే, అదీ కాదు. గుంటూరులో మా ఫుప్పూ కొడుకు నికాహ్, వలీమా వీడియోలు తీస్తాడు. ఎడిటింగ్ అయ్యాక ఎక్స్‌పోర్ట్ పెడితే వాడి టాస్క్ మేనేజర్లో సీపీయూ 100 దగ్గర గంటలకొద్దీ నిలబడి ఉండేది, డిస్క్ మాత్రం తీరిగ్గా ఉండేది. అది అసలైన ప్రాసెసర్ మర్జ్. ఎస్‌ఎస్‌డీ అప్పటికే ఉంది, ర్యామ్ 16. వాడికి నేనే వేయించుకోమన్నా. అయితే 35 వాట్లదే చూసుకో, బయోస్ దాన్ని గుర్తుపడుతుందో లేదో ముందే కనుక్కో, ఫ్యాను దుమ్ము దులిపించి కొత్త పేస్ట్ పూయించు అని మూడు షరతులు పెట్టా. ఇప్పుడు ఇషా తర్వాత పెట్టిన పని పడుకునేలోపు అయిపోతోందట. వాడి రోజీ దాని మీదే కాబట్టి ఆ ఖర్చు జాయజ్.

"ఐ7 వేస్తే విండోస్ 11 వస్తుంది కదా" అని ఇంకొక వాదన వినిపిస్తుంటుంది. రాదు. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి. మూడో తరం సాకెట్లో ఎనిమిదో తరం చిప్ పట్టదు, ఐ7 అయినా మూడో తరం మూడో తరమే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి ఈ మిషన్ల ఉమర్ ఎంతో మిగల్లేదు, అందులో ఎంత డబ్బు పోయాలో ఆలోచించి పోయాలి. నాకు తోచిన హిసాబ్ ఇది: ఎస్‌ఎస్‌డీని రేపు ఈ మిషన్ పోయినా ఒక కేసులో పెట్టి బయటి డిస్కుగా వాడుకోవచ్చు. ఆ ఐ7 చిప్‌ని ఎక్కడ పెట్టుకుంటారు, అల్మారాలోనా? నిజంగా నాలుగు కోర్లు కావాలంటే ఆఫీసుల నుంచి వచ్చే ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ మిషన్ల కోసం పైసలు కూడబెట్టడం మేలు. అందులో ఐ5-8250యుకే నాలుగు కోర్లుంటాయి, తినేది 15 వాట్లే, విండోస్ 11కీ పనికొస్తుంది.

పిల్ల మిషన్‌కి చివరికి ఏం చేశామంటే, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఒక సెకండ్ హ్యాండ్ 4 జీబీ ర్యామ్ చీటీ కొన్నాం. మూడు వేలలోపే అయింది. స్క్రూలు తనే విప్పింది, నేను వీడియో కాల్‌లో చూస్తూ కూర్చున్నా. ఎస్‌ఎస్‌డీ మీద లైనక్స్ మింట్ ఎక్కించుకుంది, ఎలాగూ కాలేజీలో పైథాన్, సీ దాని మీదే చేయాలి. మెషిన్ లెర్నింగ్ పాఠాలకు గూగుల్ కొలాబ్ ఉంది, ఆ లెక్కలన్నీ వాళ్ల సర్వర్లలోనే జరుగుతాయి, మన ప్రాసెసర్‌కి పనే లేదు. ప్రాజెక్టు గడువుకు ఒకరోజు ముందే ఇచ్చేసింది, మాషా అల్లాహ్.

దుల్హేభాయ్ మిగిలిన రెండున్నర వేలు తిరిగి డబ్బాలో పెట్టేశాడు. కానీ ఆయనకి ఇంకా తసల్లీ కాలేదు. దుకాణానికి వచ్చినవాళ్లతో, "మా సాలా ఐ7 వేయించనివ్వలేదు" అని ఇప్పటికీ చెప్తున్నాడట.